అమెరికా రిసీవరు, మన కరెంటు

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలోని ఎడిసన్‌లో ఇల్లు ఖాళీ చేస్తూ 1976 నాటి స్టీరియో రిసీవరు, బెల్టుతో తిరిగే టర్న్‌టేబులు కంటైనర్లో వేసి పంపించాడు. రెండింటి వెనకా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. రిసీవరు మీద 160 వాట్లు అని కూడా ఉంది. ఇక్కడి మెకానిక్కు లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ చుట్టిద్దామంటున్నాడు. చుట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆగండమ్మా, చుట్టించే మాట ఆఖర్న. ముందు మూత విప్పించి, ట్రాన్స్‌ఫార్మర్‌కి గోడ కరెంటు వచ్చే వైపు ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టించండి. రెండే ఉంటే అది 120కే పుట్టింది. నాలుగుంటే మీ అదృష్టం. 120 వోల్టుల వైండింగులు (తీగ చుట్లు) రెండు ప్యారలల్‌గా, అంటే పక్కపక్కన కలిపి ఉంటాయి, వాటినే సీరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి పెడితే 240కి సరిపోతుంది. ఆ రోజుల్లో చాలా మోడళ్లకి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, పంపే దేశాన్ని బట్టి వైర్లు కలిపేవాళ్లు. అక్కర్లేని వైర్లు కొన్నిసార్లు టేపు కింద దాక్కుని ఉంటాయి, అదీ విప్పి చూడాలి.

సీరీస్ కలపడంలో చిక్కల్లా ఒక్కటే. మొదటి వైండింగు చివర రెండోదాని మొదలుకి తగలాలి. తిరగబడితే ఒకదాని పని ఇంకోటి చెడగొట్టి, మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ ఉత్త తీగలా కరెంటు లాగేస్తుంది. అందుకే సీరీస్ బోర్డు, అంటే కరెంటు ముందు 100 వాట్ల పాత బల్బు గుండా వచ్చేలా కట్టిన బోర్డు, లేకుండా నేను ఇప్పటికీ ప్లగ్గు పెట్టను. కలపడం కుదిరితే బల్బు ఓసారి భగ్గుమని మసకబారుతుంది. కుదరకపోతే నిండుగా వెలుగుతూనే ఉంటుంది. సామాను మాత్రం బతుకుతుంది. ఫ్యూజు సగానికి దించాలి, 3 ఆంపియర్లుంటే ఒకటిన్నర. స్విచ్చి దగ్గర నిప్పురవ్వ రాకుండా పెట్టిన చిన్న కండెన్సర్ 125 వోల్టులదైతే తీసేసి 275 వోల్టుల ఎక్స్2 రకం వేయించండి.

ఇక మెకానిక్కులు మర్చిపోయే సంగతి. నేనే మర్చిపోయాను కాబట్టి చెప్తున్నా. అమెరికా రిసీవర్ల వెనక టర్న్‌టేబులు లాంటివి గుచ్చుకోడానికి సాకెట్లుంటాయి. వాటికి ట్రాన్స్‌ఫార్మర్‌తో సంబంధం లేదు, గోడలోంచి వచ్చిందే బయటికి పంపిస్తాయి. పదిహేనేళ్ల కిందట ఒకాయన రిసీవరు 240కి మార్చి, పాట వినిపించి, డబ్బులు తీసుకుని పంపేశా. ఆయన ఇంటికెళ్లి, అలవాటుకొద్దీ 120 వోల్టుల టర్న్‌టేబుల్ని ఆ వెనక సాకెట్లో గుచ్చాడు. సాయంత్రానికి మోటారు పేపర్లో చుట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. మాటేం లేదు, కాలిన వార్నీషు వాసనే అంతా చెప్పింది. కొత్త మోటారు నా జేబులోంచే. అప్పట్నుంచి ఆ సాకెట్ల వైర్లు విప్పేసి గానీ మూత బిగించను.

వైర్లు రెండే ఉన్నాయనుకోండి, లోపల చెయ్యి పెట్టొద్దు. బయట స్టెప్‌డౌన్, అంటే మన 230ని తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. మీ 160 వాట్లకి 500 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) సామర్థ్యమున్నది హాయిగా సరిపోతుంది. 120 కాకుండా 110 ఇచ్చేది తీసుకోండి. 60 హెర్ట్జ్‌కి లెక్కేసి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మన 50 హెర్ట్జ్ మీద వేడెక్కుతుంది, గుర్రుమంటుంది. వోల్టులు కాస్త తగ్గిస్తే దానికి ఊపిరాడుతుంది. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ వద్దు. అందులో కామన్ వైరు ఊడిందంటే 230 తిన్నగా మీ రిసీవరు మీదికొస్తుంది. కరెంటు లోపలికొచ్చే వైండింగు, బయటికిచ్చే వైండింగు విడివిడిగా ఉన్నదే అడగండి. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే చేత్తో ఎత్తి చూసి కొనండి. తేలిగ్గా లేచిందంటే పైన 500 అని రాసున్నా నమ్మకండి. హెయిర్ డ్రయ్యర్లకని అమ్మే గుప్పెడంత కన్వర్టర్ల జోలికి అసలు పోవద్దు.

టర్న్‌టేబులుకి మాత్రం స్టెప్‌డౌన్ ఒక్కటే చాలదు. మీ దాంట్లో సింక్రోనస్ మోటారే ఉంటే, అది హెర్ట్జ్‌ని పట్టుకుని తిరుగుతుంది. ఇక్కడ 33⅓ చుట్లకి బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. ఐదున్నర శ్రుతిలో పాడిన కీర్తన నాలుగుకి జారిపోతుంది. దానికి మందు పెద్ద పుల్లీ, అంటే మోటారు మీద బెల్టు పట్టే చిన్న చక్రం పెద్దది వేయించడం. లేత్ పనివాడికి ఇలా చెప్పండి: పుల్లీ వ్యాసానికి బెల్టు మందం కలిపి, 1.2తో హెచ్చవేసి, మళ్లీ బెల్టు మందం తీసేయాలి. 10 మిల్లీమీటర్ల పుల్లీ, 0.6 బెల్టు అయితే 12.12 వస్తుంది. 45 చుట్ల మెట్టుకీ ఇదే లెక్క. బిగించాక ప్లేటు అంచున కాగితం ముక్క అంటించి వాచీ పట్టుకోండి. సరిగ్గా మూడు నిమిషాల్లో నూరు చుట్లు తిరగాలి.

ప్రశ్న: జపాన్ నుంచి తెచ్చిన 100 వోల్టుల రేడియో క్యాసెట్‌కీ స్టెప్‌డౌన్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 100 వోల్టులిచ్చేది పెట్టండి, క్యాసెట్లు పాడతాయి. ఎఫ్ఎం మీద ఆశ పెట్టుకోకండి. జపాన్ పాత సెట్లలో బ్యాండు 76 నుంచి 90 దాకానే. హైదరాబాదు ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో 101.9, ముల్లు అంత దూరం పోదు.