హాలుకూ పూజగదికీ మధ్య అద్దం

అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

హాలుకూ పూజగదికీ మధ్య నిలువెత్తు గాజు అద్దం నిలిపి, దాని మీద నువ్వే గీసిన తామరకొలనును చెక్కించబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు, నా చేతిపని ఇంట్లో ఒక్కరికైనా అబ్బిందని పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కొలతలు పైన, మధ్యన, కింద మూడుచోట్లా తీసుకో. బొమ్మను అసలు పరిమాణంలో కాగితం మీద గీసి, అక్కడే అతికించి, పగలూ రాత్రీ చూడు.

1996లో రాజమండ్రిలో ఒక ఇంటికి నెమలిని చెక్కాను. నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా వచ్చేలా దాన్ని పైభాగంలో కూర్చి, కింద రెండున్నర అడుగులు ఒక్క గీత కూడా లేకుండా వదిలాను. ఆ ఖాళీయే బొమ్మకు అందమని ఇంటివారితో వాదించి మరీ వదిలాను. ఖర్చు తగ్గుతుందని మామూలు 5 మి.మీ. అద్దమే వాడాను. గృహప్రవేశమైన మూడోవారం ఆ ఇంటి నాలుగేళ్ల పాప బంతి వెంట పరుగెత్తుకొచ్చింది. దాని కంటి ఎత్తులో నెమలీ లేదు, అద్దమూ లేదు. మామూలు అద్దం కత్తుల్లా విరుగుతుంది కనుక మోచేతికి పదకొండు కుట్లు పడ్డాయి. ఇంటాయన ఒక్క మాటా అనకుండా, నాకు రావలసిన బాకీ లెక్కకట్టి ఇచ్చేశారు. ఆ డబ్బు తీసుకున్నందుకు మీ అత్తయ్య చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకే టఫెన్డ్, అంటే కాల్చి గట్టిపరిచిన పలకలను మధ్యలో పొర పెట్టి జతచేసిన లామినేటెడ్ అద్దమే తీసుకో. పగిలినా మధ్య పొర ముక్కలను పట్టి ఉంచుతుంది. మూలన ఐఎస్ 2553 అనే భద్రతా అద్దాల ప్రమాణం ముద్ర చూడనిదే డబ్బు కట్టవద్దు. 600 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లార్చిన తరువాత ఆ అద్దాన్ని కోయడం గానీ తొలచడం గానీ కుదరదు కాబట్టి, పిడి రంధ్రాలూ, అంచుల నునుపూ, నీ తామరలూ అన్నీ ముందే పూర్తి కావాలి. లోతుగా చెక్కించకు, బలం తగ్గుతుంది. ఇంట్లోనే ఆమ్లంతో చెక్కుతానన్నావట! హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం దాటి ఎముక దాకా పోతుంది; ఈ ఒక్క విషయంలో నా మాట సలహా కాదు, ఆజ్ఞ.

తామరతూళ్లను నేలకు జానెడు ఎత్తులోనే మొదలుపెట్టు తల్లీ. బుజ్జిగాడు ఇప్పుడే పాకుతున్నాడు కదా, వాడి కంటికి ఆనేచోట ఒక చేపనో కప్పనో వెయ్యి. బిగించే రోజు ముందుగా తెలియజెయ్యి. 10 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. మోసేవాళ్లు చెయ్యి ఎక్కడ వేస్తున్నారో నేను దగ్గరుండి చూడాలి.

మీ మామయ్య