ఇల్లు రాసివ్వమంటున్న కుమారుడు: సంతకానికి ముందు చూసుకోవలసినవి

ప్రశ్న: నాకు 72 ఏళ్లు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను, భార్య కాలం చేసింది. పింఛను ఖాతా ఏటీఎం కార్డు, బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరు రెండూ మా చిన్నబ్బాయి దగ్గరే ఉన్నాయి. పాస్‌బుక్ అడిగితే విసుక్కుంటున్నాడు. ఇప్పుడు ఇల్లు తన పేరున దఖలు చేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారు గారూ, మీ అబ్బాయి మనసులో ఏముందో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. పెద్దవారి కార్డు పిల్లల దగ్గర ఉండడం మన ఇళ్లలో మామూలే. లెక్క అడిగినప్పుడు విసుక్కోవడం మాత్రం మామూలు విషయం కాదు.

అందుకే దస్తావేజు మాట పక్కన పెట్టి, ముందు మీరే బ్యాంకుకు వెళ్లి ఏడాది ఎంట్రీలు వేయించుకోండి. పింఛను జమ అయిన మర్నాడే వరుసగా పదేసి వేలు తీసినట్లు ఉందా, ఎరుగని పేర్లకు యూపీఐ చెల్లింపులు వెళ్లాయా, ప్రతి నెలా ఒకే మొత్తం కోత పడుతోందా అన్నది చూడండి. ఆ కోత మీ పింఛను చూపి తీసుకున్న అప్పుకు వాయిదా కావచ్చు. ఫిక్స్‌డ్ డిపాజిట్ల మీద లోన్ ఉందేమో కూడా విడిగా అడగండి; రసీదు బీరువాలో భద్రంగా ఉన్నా, నెట్ బ్యాంకింగ్‌లో దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. అదే రోజు పాత కార్డు బ్లాక్ చేయించి, మీ చేతిలో ఉండే ఫోన్ నంబరును ఖాతాకు నమోదు చేయించండి. నంబరు మార్చకుండా కార్డు ఒక్కటే మారిస్తే ఓటీపీ ఆ పాత ఫోనుకే వెళుతుంది. బ్యాంకు దాకా వెళ్లే ఓపిక లేకపోతే, 70 ఏళ్లు దాటినవారికి ప్రాథమిక సేవలు ఇంటివద్దే అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే ఆదేశించింది కాబట్టి, అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఇల్లు. దఖలు దస్తావేజు రిజిస్టరయ్యాక, మనసు మారిందని మీరొక్కరే వెళ్లి దాన్ని రద్దు చేసుకోలేరు. వీలునామా మీ తదనంతరమే అమలవుతుంది, ఈలోగా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. నా సలహా వీలునామాయే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. దఖలు చేయక తప్పదనుకుంటే, జీవించినంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు మీదేనని, మీ తిండి, వైద్యం అతడే చూడాలని దస్తావేజులోనే షరతు రాయించండి. ఆ షరతు తప్పితే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 23వ సెక్షన్ కింద, ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ ఆ బదలాయింపు చెల్లదని ప్రకటించగలదు. షరతు లేని దస్తావేజుకు ఈ రక్షణ దానంతట అది రాదని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో అదే కోర్టు చెప్పిన మాట నిజమే గానీ, ఆ కేసులోనూ తల్లిని చూసుకుంటానని కుమారుడు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది.

నిర్ణయం తీసుకునే దాకా ఖాళీ చెక్కుల మీద గానీ, మీ తరఫున వ్యవహారాలు నడిపే అధికారం మరొకరికిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద గానీ సంతకం పెట్టవద్దు. మిగతా పిల్లలుంటే సంగతి వారికీ తెలియనివ్వండి. ఇంటి పరువు పోతుందని దాచిపెట్టడమే ఇలాంటి వ్యవహారాలను ముదరబెడుతుంది. ఒత్తిడి పెరిగినా, మందులకు డబ్బు ఆపినా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి. తెనాలి ఆర్డీవో కార్యాలయంలో అర్జీ మీరే రాసి ఇవ్వవచ్చు, న్యాయవాదిని పెట్టుకోనక్కర్లేదు.