మారుమనస్సు: మారే మనస్సా, మరో మనస్సా?

ప్రశ్న: చాలా ఏళ్లు చర్చికి దూరంగా ఉండి, ఈమధ్యే మళ్లీ బైబిలు చేతపట్టాను. హెబ్రీయులకు రాసిన పత్రిక 12:17 దగ్గర ఆగిపోయాను. ఏశావు ఆశీర్వాదం కోరి ‘కన్నీళ్లు విడుచుచు దానికోసరము శ్రద్ధతో వెదకినను, మారుమనస్సుపొంద నవకాశము దొరకక’ విసర్జింపబడ్డాడట. ఏడ్చి వెదికినవాడికే మారుమనస్సు దొరక్కపోతే, తిరిగొచ్చిన నాబోటివాళ్ల సంగతేమిటి? మారుమనస్సు, పశ్చాత్తాపం ఒకటేనా? ‘నవకాశము’ అంటే కొత్త ఆకాశమా?

జవాబు: ఆకాశం సంగతి ముందు తేల్చేద్దాం. అక్కడ ఉన్నది ‘పొందన్ + అవకాశము’. ద్రుతం, అంటే మాట చివరి ఆ ‘న్’, పక్కమాటకు అంటుకుని ‘పొంద నవకాశము’ అయింది. ద్రుతాన్ని బడిలోనే వదిలేసి వచ్చిన తరానికి ఇలాంటి కొత్త ఆకాశాలు కనిపిస్తూనే ఉంటాయి.

ఇక మారుమనస్సు. ఈ మాట ఎత్తితే నేను తొందరగా వదలను, ఓపిక పట్టాలి. దీన్ని చాలామంది ‘మారే మనస్సు’ అనుకుంటారు. ‘పారు నీరు’ అంటే పారే నీరు కదా, ‘మారు మనస్సు’ కూడా అంతేనని వాళ్ల లెక్క. అలా విడదీస్తే అది తద్ధర్మార్థక విశేషణం అవుతుంది, అంటే మారడమే స్వభావంగా ఉన్న మనస్సు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి! దాన్ని మనం చపలచిత్తం అంటాం. అది పొందమని ఏ ప్రవక్తా చెప్పడు.

ఇక్కడి ‘మారు’ క్రియ కాదు, నామం. పూర్వం శకటరేఫంతో, అంటే బండి ‘ఱ’తో, ‘మాఱు’ అని రాసేవారు. దాని సంసారం పెద్దది. మారుపేరు, మారువేషం, మారుతాళం వంటి చోట్ల ‘మరొకటి, బదులుగా వచ్చినది’ అని అర్థం. మూడుమార్లు అన్నప్పుడు తడవ. మారుమాట, మారుమోగడం దగ్గరికి వస్తే ఇంకో రుచి తగులుతుంది: అవతలినుంచి వచ్చిన దానికి ఇవతలినుంచి బదులు. కొండ మారుమోగిందంటే, పిలుపు విని పలికిందన్నమాట. మారుమనస్సు అన్నప్పుడు నాకు ఈ రెండూ కలిసి వినిపిస్తాయి. పాతదాని చోట నిలిచిన మరో మనస్సు, పిలిస్తే బదులు పలికిన మనస్సు. అనువాదకులు ఇంత ఆలోచించే పెట్టారా అంటే ఒట్టు వేయలేను. మాట మాత్రం అచ్చంగా అమరింది. ‘మారు’ తెలుగు, ‘మనస్సు’ సంస్కృతం, మిశ్రసమాసమే అయినా ఎక్కడా అతుకు కనబడదు.

దీనికి గ్రీకు మూలంలో ఉన్నది ‘మెటానోయా’. మెటా అంటే తరువాత, నోయా మనస్సుకు సంబంధించినది. మన ‘పశ్చాత్’ అన్నా తరువాతే. అయితే సంస్కృతం ఆ తరువాత వచ్చేదాన్ని తాపం అంది, గ్రీకు మనస్సు అంది. అందుకే రెండూ ఒకటి కావు. మత్తయి 27:3లో, యేసును అప్పగించి తర్వాత వెండి నాణేలు తిరిగి తెచ్చిన యూదా ‘పశ్చాత్తాపపడి’ అని ఉంటుంది, మారుమనస్సు పొంది అని కాదు. అక్కడ గ్రీకులోనూ వేరే క్రియే. కాలింది, మారలేదు. ఈ తేడా అన్నిచోట్లా పాటించారనుకోకండి. తండ్రితో ‘పోను’ అని, తర్వాత వెళ్లిన కొడుకు కథలో (మత్తయి 21) గ్రీకు క్రియ యూదాదే, తెలుగు మాత్రం ‘మనస్సు మార్చుకొని’.

అన్నట్టు, మీ ఉత్తరంలో రెండుచోట్ల ‘పశ్చాతాపం’ అని ఉంటే అచ్చులో దిద్దాం. పశ్చాత్ + తాపం, పశ్చాత్తాపం. ఈ రోజుల్లో వార్తలు చదివేవాళ్లు కూడా ఒక తకారాన్ని మింగేస్తున్నారు.

మీ అసలు భయం ‘దానికోసరము’ అనే సర్వనామంలో ఉంది. దేనికోసం? గ్రీకులో ఆశీర్వాదమూ మారుమనస్సూ రెండూ స్త్రీలింగాలే, కనుక ఆ సర్వనామం వ్యాకరణరీత్యా దేనికైనా చెల్లుతుంది. తెలుగులో సర్వనామం సాధారణంగా ముందు చెప్పినదాన్నే పట్టుకుంటుంది. ఈ వాక్యంలో ముందున్నది ఆశీర్వాదం, మారుమనస్సు తర్వాత వచ్చింది. కాబట్టి తెలుగు పాఠం ప్రకారం ఏశావు ఏడ్చి వెదికింది దీవెన కోసం. ఆదికాండము 27లో తండ్రి ఇస్సాకు ముందు ఎలుగెత్తి ఏడ్చిందీ దానికే. మారుమనస్సు కోసం ఏడిస్తే పొమ్మన్నారని ఇక్కడ లేదు.

అయితే కొందరు వ్యాఖ్యాతలు ఆ మారవలసిన మనస్సు ఏశావుది కాదు, తమ్ముడికి ఇచ్చిన దీవెన వెనక్కి తీసుకోని ఇస్సాకుది అంటారు. మన వాక్యంలో ‘పొంద’ క్రియకు కర్త ఏశావే కనుక తెలుగు ఆ దారి మూసేసింది. మూయడం సబబా కాదా అన్నది గ్రీకు బాగా చదివిన పాస్టరుగారినెవరినైనా అడగండి. అడిగేటప్పుడు మాత్రం రెండు తకారాలూ పలకండి.