ఆ చివరి మంచం దాకా తీసుకెళ్లు

బిడ్డా,

నువ్వు పాలియేటివ్ మెడిసిన్‌లో, అంటే నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యంలో ఎండీ చేస్తావట, అంతకుముందే కాకతీయ మెడికల్ కాలేజీలో జూనియర్లకు ఆ దారి గురించి చెప్తావట. మీ బాపు ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. సగం సంతోషం, సగం టెన్షన్. "రోజూ చావులు చూసే పని, పిల్ల తట్టుకుంటదా?" అని మీ పెద్దమ్మ అడిగింది. నా గుబులు కూడా అదే.

కోర్సు సంగతి రెండు ముక్కల్లో చెప్పేయి. 2010లో గుర్తింపు వచ్చింది, 2012లో ముంబయి టాటా మెమోరియల్‌లో ఎండీ మొదలైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఎట్లా నడుస్తుందో చూసి రమ్మను. ఒక్క క్యాన్సరే కాదు, కిడ్నీలు పోయినవాళ్లకూ, పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకూ ఈ వైద్యం కావాలని చెప్పు.

ఇంతవరకు నీకు చెప్పని ఒక సంగతి ఉంది. 1990లలో నా వార్డులో వరంగల్ కొత్తవాడ నేతన్న ఒకాయన ఉండేవాడు. జీవితమంతా జంపఖానాలు నేసినవాడు. దవడ క్యాన్సర్, ఆపరేషన్ దశ దాటిపోయింది. నొప్పి లేచినప్పుడు ఆయన కాళ్లు మగ్గం తొక్కుతున్నట్టు ఆడేవి. తీవ్రమైన నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు గురించి ఒకసారి అడిగాను. లైసెన్సులు చాలా కావాలన్నారు, అంతటితో వదిలేశాను. ఆయన భార్య బతిమాలితే "ఆ మందు అలవాటైపోతుందమ్మా" అన్నాను. నెల రోజులు కూడా బతకని మనిషికి అలవాటేమిటి బిడ్డా!

అంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. ఆయన ముఖం చూడలేక రౌండ్స్ అటు చివర మొదలుపెట్టి, ఆ మంచం రాకముందే ఓపీకి వెళ్లిపోయేవాణ్ని. ఒకరోజు వరండాలో ఎదురుపడ్డాడు. గోడ పట్టుకుని నిలబడి, "సారూ, గా దిక్కు రావుడే బంద్ జేసిండ్రు. నేనేం తప్పు జేసిన?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నాలుగు రోజులకు పోయాడు.

ఇప్పుడు నీకు ఆ సాకు లేదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రికి మార్ఫిన్ కోసం ఒక్క అనుమతి చాలు. చిన్న డోసుతో మొదలుపెట్టి నాలుగు గంటలకోసారి మాత్ర ఇవ్వడం, దాంతోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు రాయడం మొదటిరోజే నేర్పు.

స్లైడ్లు తగ్గించు. ముగ్గురేసి పిల్లలను వార్డుకు తీసుకెళ్లి స్టూల్ మీద కూర్చోబెట్టు, నిలబడి మాట్లాడనివ్వకు. నొప్పి పదికి ఎంత అంటే మన ముసలోళ్లు చెప్పలేరు. రాత్రి నిద్ర పట్టిందా, పక్కకు తిరగగలిగారా అని అడగమను. ఇంటివాళ్లు "ఆయనకు చెప్పకండి" అంటే కసురుకోవద్దు. ముందు ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయననే అడగాలి.

నువ్వేమో తిండి మానేసి డ్యూటీలు చేస్తున్నావట, తెలిసింది. మంచిగుండదు చెప్తున్నా. ఎవరైనా పోయిన రోజు ఒంటరిగా హాస్టల్ గదిలో కూర్చోకు, హనుమకొండ వచ్చేయి. ఏమీ అడగం. అన్నం తిని పడుకో.

మొదటి క్లాసు ఎప్పుడో చెప్పు, వస్తాను. ఆ నేతన్న సంగతి మాత్రం నువ్వు చెప్పకు, పిల్లలకు నన్నే చెప్పనివ్వు.

మీ పెద్దబాపు