సూడాన్: పోరు ఇద్దరిది, ఆకలి అందరిది
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: సూడాన్‌లో జరుగుతున్నది ముస్లింలకూ క్రైస్తవులకూ మధ్య గొడవేనా? (వరంగల్ పాఠకుడు)

కాదు. మీ మనసులో ఉన్నది పాత యుద్ధం. అది ముగిశాక 2011 జులై 9న దక్షిణ సూడాన్ వేరే దేశమైంది. ఇప్పటి పోరులో రెండు పక్షాల్లోనూ ఉన్నది ప్రధానంగా ముస్లింలే. ఒకవైపు సేనాధిపతి జనరల్ బుర్హాన్ నడిపే దేశ సైన్యం, మరోవైపు హెమెద్తీగా పేరుపడ్డ మహమ్మద్ హమ్దాన్ దగాలో నడిపే అర్ధసైనిక దళం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్, అంటే ఆర్‌ఎస్‌ఎఫ్. దేశానికి పడమటనున్న డార్ఫర్‌లో ఊళ్లు తగలబెట్టిన జంజవీద్ ముఠాలనుంచి 2013లో ఈ దళాన్ని తయారుచేయించింది అప్పటి నియంత ఒమర్ అల్ బషీరే.

2019 ఏప్రిల్‌లో జనం రోడ్డెక్కడంతో బషీర్ పదవి ఊడింది. 2021 అక్టోబర్ 25న బుర్హాన్, హెమెద్తీ కలిసే, ఆ తర్వాత ఏర్పడిన పౌర ప్రభుత్వాన్ని కూలదోశారు. ఆర్‌ఎస్‌ఎఫ్‌ను సైన్యంలో ఎన్నాళ్లకు కలపాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది. సైన్యం రెండేళ్లంది, ఆర్‌ఎస్‌ఎఫ్ పదేళ్లంది. 2023 ఏప్రిల్ 15న రాజధాని ఖార్టూమ్‌లో కాల్పులు మొదలయ్యాయి. ఆ తర్వాత ఇళ్లు విడిచిన వాళ్లు కోటికి పైమాటే.

మతం కారణం కాకపోయినా జాతి ద్వేషం మాత్రం ఉంది. 2023లో డార్ఫర్‌లోని ఎల్ జెనీనాలో ఆర్‌ఎస్‌ఎఫ్, దాని తోడు ముఠాలు అరబ్బేతర మసాలిత్ తెగవాళ్లను ఏరి ఏరి చంపాయి. ఏడాదిన్నర ముట్టడి తర్వాత 2025 అక్టోబర్ 26న డార్ఫర్‌లోని మరో నగరం ఎల్ ఫాషర్ ఆర్‌ఎస్‌ఎఫ్ చేతికి చిక్కాక అక్కడా మారణకాండ జరిగింది. అలాగని సైన్యం నిర్దోషి కాదు. సంతల మీద బాంబులు వేసింది, సహాయ సామగ్రి లారీలను ఆపింది.

ప్రశ్న: అంత పేద దేశంలో ఇన్నేళ్లు యుద్ధం చేయడానికి డబ్బెక్కడిది? (గుంటూరు)

బంగారం. గనులు రెండు పక్షాల చేతుల్లోనూ ఉన్నాయి, సరుకులో ఎక్కువ భాగం చేరేది యూఏఈకే. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు యూఏఈ ఆయుధాలు పంపుతోందన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2024లో తేల్చింది. యూఏఈ ఒప్పుకోదు. సైన్యం ఇరాన్, తుర్కియే డ్రోన్లు వాడుతోంది. 2004లో ఐరాస పెట్టిన ఆయుధ నిషేధం ఒక్క డార్ఫర్‌కే వర్తిస్తుంది. దేశంలో మరెక్కడికి ఆయుధాలు దిగినా దానికి పట్టదు. ముందు మూయాల్సిన కన్నం అదే.

2023 మే 11న జెడ్డాలో ఇరుపక్షాలూ పౌరులను కాపాడతామని సంతకాలు చేశాయి. ఉల్లంఘిస్తే పట్టుకునే యంత్రాంగం లేక ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

ప్రశ్న: నేను కొనే నగలో సూడాన్ బంగారం ఉందో లేదో హాల్‌మార్క్ చెబుతుందా? (విజయవాడ పాఠకురాలు)

చెప్పదు. నగ మీది ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్యను (హెచ్‌యూఐడీ) బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే స్వచ్ఛత, షాపు రిజిస్ట్రేషన్, ముద్ర వేసిన కేంద్రం తెలుస్తాయి. గని ఊసుండదు. రిఫైనరీలో పది చోట్ల బంగారం కలిపి కరిగించాక పుట్టుక చెరిగిపోతుంది. పైగా 2022 మే నుంచి యూఏఈ బంగారానికి మన దగ్గర కోటా మేరకు సుంకం రాయితీ ఉంది. అందుకే ఈ ప్రశ్న మనకు దూరమైంది కాదు. పాత నగనే కరిగించి మళ్లీ చేయించుకోవడం మేలు. కొత్తది కొంటే ఏ రిఫైనరీ బిస్కెట్‌తో చేశారో అడగండి. జవాబు రాకపోయినా నలుగురూ అడిగితే షాపువాళ్లు పట్టించుకుంటారు.

ప్రశ్న: బట్టలు, బియ్యం సేకరించి పంపుదామనుకుంటున్నాం. ఎలా? (హైదరాబాద్ యువజన సంఘం)

సరుకు పంపకండి. రవాణా ఖర్చు సరుకు ధరను మించుతుంది. పోర్ట్ సూడాన్‌లో దిగినా కస్టమ్స్, అనుమతులు, చెక్‌పోస్టులు దాటాలి. డబ్బు పంపండి.

అక్కడ జనం కడుపు నింపుతున్నది పేటపేటకూ ఏర్పడ్డ ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్. బషీర్‌ను దించిన ఉద్యమకాలపు కమిటీల నుంచి పుట్టిన ఈ వాలంటీర్ బృందాలకు 2025లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. వీళ్లు నడిపే ‘తకాయా’ వంటశాలల్లో జొన్నపిండితో చేసే అసీదా, పప్పు ఉంటాయి. మన సంకటికి దగ్గరి తిండే. డబ్బు బాంకక్ అనే మొబైల్ యాప్‌లో చేరుతుంది. నెట్‌వర్క్ లేనిచోట స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్‌తో నడిపిస్తారు. చేతికి నోట్లు కావాలంటే వ్యాపారి కమిషన్ కోస్తాడు, కాబట్టి పంపిందంతా గిన్నెలోకి రాదు. అయినా మానకండి. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగగానే వందల వంటశాలలు మూతపడ్డాయి. ఒకసారి యాభై వేలు ఇవ్వడం కన్నా నెలనెలా రెండు వేలు అక్కరకొస్తాయి.

ఇక్కడి బ్యాంకు నుంచి విదేశీ సంస్థకు విరాళం పంపాలంటే విదేశాలకు డబ్బు పంపే రిజర్వు బ్యాంకు పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కింద ఫారం ఎ2 నింపాలి, పాన్ ఇవ్వాలి. ఏడాదికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల పరిమితి. పర్పస్ కోడ్ దగ్గర ‘విరాళం’ అనే ఎంచుకోండి. తప్పు కోడ్ పెడితే డబ్బు మధ్యలో ఆగుతుంది. విదేశీ సంస్థకిస్తే ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. రుజువుగా వాలంటీర్ల ఫొటోలు, పేర్లు మాత్రం అడగొద్దు, ఉన్నా పోస్ట్ చేయొద్దు. ఆ వివరాలతోనే రెండు పక్షాలూ వాళ్లను పట్టుకెళ్తున్నాయి.

దుబాయ్, అబుదాబిలోని మనవాళ్లకు ఒక హెచ్చరిక: అక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. వాట్సాప్ గ్రూపులో అడిగినా అంతే.

ప్రశ్న: మా ఇంట్లో సూడాన్ విద్యార్థి అద్దెకుంటున్నాడు. పోలీసు గొడవలేమైనా వస్తాయా? (టోలీచౌకీ)

విదేశీయులు దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలివ్వడం ఇంటి యజమాని బాధ్యత. అది చేస్తే మీకు చిక్కులేదు. అసలు చిక్కు అతనిది. వీసా పొడిగింపుకు విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) పోర్టల్‌లో అద్దె ఒప్పందం, కాలేజీ లేఖ పెట్టాలి. యుద్ధంలో ఇంటినుంచి డబ్బు ఆగినవాళ్లు చాలామంది. రిజిస్టర్డ్ అద్దె ఒప్పందం వెంటనే చేసివ్వండి, వీలైతే అడ్వాన్సు తగ్గించండి.