కాదన్నది ఎవరు?

చి. తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి పెన్సిల్ తీసుకున్నాను. స్టేట్ బ్యాంకు ఛైర్మన్‌గా చేసిన డి.ఎన్. ఘోష్ గారి గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే మంచి విషయం, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక కోపం సంగతి. మూడో పేజీలో "1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయం చేయబడ్డాయి" అని రాశావు. ఆ 'బడ్డాయి' దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. ఎవరు చేస్తే చేయబడ్డాయి? నువ్వు ఎవరి జీవితం రాస్తున్నావో ఆ మనిషే ఆ రోజుల్లో ఆ పనిలో తలమునకలుగా ఉన్నాడు. ఆయన కథలోంచే ఆయన్ని బయటికి పంపేశావు.

అప్పటికి ఆయన ఆర్థిక శాఖలో డిప్యూటీ సెక్రటరీ. ఆడిట్ అండ్ అకౌంట్స్ సర్వీసు నుంచి వచ్చి బ్యాంకింగ్ వ్యవహారాలు చూస్తున్నారు. ఇందిరాగాంధీకి కార్యదర్శిగా ఉన్న పి.ఎన్. హక్సర్ బాగా పొద్దుపోయాక ఆయనకు కబురు పెట్టారు. బ్యాంకుల జాతీయీకరణకు ఆర్డినెన్స్ కావాలి, అంటే పార్లమెంటు జరగనప్పుడు రాష్ట్రపతి సంతకంతో వచ్చే చట్టం, అదీ వెంటనే. 21న పార్లమెంటు మొదలవుతుంది, ఆ తర్వాత ఆర్డినెన్స్ దారి మూసుకుపోతుంది. తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న వి.వి. గిరి గారు రాష్ట్రపతి ఎన్నికలో పోటీకి 20న రాజీనామా చేయబోతున్నారు. అంటే సంతకం పెట్టే చెయ్యి కూడా గడువు మీదే ఉంది. గీత ఎక్కడ గియ్యాలి? 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న బ్యాంకులన్నారు, 14 తేలాయి. మన ఆంధ్రా బ్యాంకు ఆ గీతకు ఇవతలే ఉండిపోయి 1980 ఏప్రిల్ దాకా ప్రైవేటుగానే నడిచింది. ఇంత టెన్షన్ ఉన్న రెండు మూడు రోజుల్ని నువ్వు ఒక్క 'బడ్డాయి'తో దాటేశావు!

1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ జాతీయీకరణ చట్టాన్ని కొట్టేసింది. దానికి నీ వ్యాసంలో అర వాక్యం కూడా లేదు. తన చేతుల మీదుగా నడిచిన చట్టాన్ని కోర్టు కొట్టేసిన సాయంత్రం ఆ మనిషి ఇంటికి ఎలా వెళ్ళి ఉంటాడు? నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్స్ వచ్చింది. ఆ నాలుగు రోజుల గురించి వెతుకు.

తర్వాత 1985. స్టేట్ బ్యాంకు ఛైర్మన్‌గా "నియమించబడ్డారు" అని రాసి, కింద ఆయన పదవుల చిట్టా పెట్టావు. నీ కథ మలుపు తిరిగేది అక్కడే. సచివాలయంలో ఫైలు పైకి పోతుంది. 'పరిశీలించవచ్చు' అని ఒక ముక్క రాసి పంపితే బరువు కూడా దాంతోపాటే పైమెట్టు ఎక్కుతుంది. బ్యాంకులో పెద్ద లోను ఫైలు పైకి వచ్చి వచ్చి ఛైర్మన్ గదిలో ఆగుతుంది. ఒకప్పుడు ఆర్థిక శాఖలో కూర్చున్న మనిషి ఇప్పుడు ఆ శాఖ నుంచి వచ్చే ఫోను ఎత్తాలి. పైగా అవి లోన్ మేళాల రోజులు, సభలు పెట్టి బ్యాంకు లోన్లు పంచిన కాలం. ఆ కుర్చీలో 1989 దాకా ఉన్నారు. ఎన్నిసార్లు సరే అన్నారు, ఎన్నిసార్లు కుదరదన్నారు, ఎవరితో అన్నారు? నాకు కావలసింది అది.

ఈ 'బడు' మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్తాను. పాతికేళ్ళ వయసులో నేనొక చిన్న ఊళ్ళో బ్యాంకు గుమాస్తాని. గేదె లోన్ల కాలం. ఒక అవ్వ కొంగు ముడి విప్పి, నాలుగు మడతల కాగితం తీసి చదవమంది. "మీ దరఖాస్తు తిరస్కరించబడినది." కార్బన్ పెట్టి నేను రాసిన కాగితమే అది. చదివాను. "ఎవరు కాదన్నారు నాయనా?" అంది. నేను కాగితం వైపు చూశాను, అందులో మనిషి లేడు. వెనక గదిలో మేనేజరు ఉన్నారు. "బ్యాంకు, అవ్వా" అన్నాను. "బ్యాంకంటే నువ్వేనా?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, తెలుసుకుందామనే అడిగింది. నా నోట మాట రాలేదు. కాగితం మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

నా మొదటి కథ అదే. పంపిన పత్రిక ఎడిటరు ఆ ప్రశ్న కొట్టేసి, చివర్లో అవ్వకు లోను వచ్చినట్టు మార్చి అచ్చేశాడు. పాఠకులకు ఆశ కావాలట! ఇప్పుడు ఆ మాటనే 'స్ఫూర్తిదాయకం' అంటున్నారు. అధికారి ఫొటో, శాలువా, నాలుగు అవార్డులు, కింద ఈ ముక్క. నీ వ్యాసం చివర కూడా అదే ఉంది. తీసెయ్.

ఎన్ని పేజీలుండాలి, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. ముందు ఈ పని కానీ. నీ కాగితాలు తిరిగి పంపుతున్నాను. 31 చోట్ల 'బడు' కింద గీత గీశాను. ప్రతి గీత పక్కన, ఆ పని చేసిన మనిషి పేరు రాసుకో. పేరు దొరకని చోట వాక్యం తీసెయ్యకు, పక్కన ఖాళీ వదిలి నాకు పంపు. ఆ ఖాళీలు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య