అతుకు దగ్గరే తెలుస్తుంది

చి. బంగారానికి పెద్దమ్మ దీవెనలు.

నరసాపురం లేసు నేర్చుకుంటానని రాశావు, సంతోషం. టేబుల్ క్లాత్ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. ముందు ఒకే పువ్వు పాతిక సార్లు, ఒకే కొలతలో రావాలి. పూలను ఒకదానికొకటి కలిపే అతుకు పని ఆ తర్వాతే.

దిండు మీద గుండుసూదులు గుచ్చి, చెక్క కండెలు అటూ ఇటూ మార్చే వీడియోలు చూసి కంగారు పడకు. అది బాబిన్ లేసు, బెల్జియం వైపు పేరున్న పని. మనది క్రోషే, ఒక్క దారం, ఒక్క కొక్కెం సూది.

20 నంబరు నూలు దారం, 1.25 మి.మీ. స్టీలు సూది తీసుకో. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 40 నంబరు చేయి కుదిరాక చూద్దాం. మధ్యలో సూది మార్చావో, పువ్వు సైజు మారిపోతుంది.

8 గొలుసు కుట్లు వేసి స్లిప్ కుట్టుతో, అంటే ఎత్తు లేకుండా లాగి కలిపే కుట్టుతో, రింగు కలుపు. 3 గొలుసులు వెయ్యి, అది ఒక డబుల్ క్రోషే (సూదికి దారం ఒకసారి చుట్టి వేసే పొడుగు కుట్టు) కింద లెక్క. రింగులోనే ఇంకో 23 వేస్తే మొత్తం 24. రెండో వరసలో ఒక సింగిల్ (ముందుగా దారం చుట్టకుండా వేసే పొట్టి కుట్టు), 5 గొలుసులు, రెండు కుట్లు వదిలెయ్యి, మళ్ళీ సింగిల్. ఇలా 8 వంపులు రావాలి. 7 వస్తే కొన్ని చోట్ల మూడేసి వదిలావన్నమాట, విప్పెయ్యి. మూడో వరసలో ప్రతి వంపులో ఒక సింగిల్, 5 డబుల్, ఒక సింగిల్. రేకు తయారు.

పువ్వు గిన్నెలా లేస్తే గొలుసులు బిగించావు. అంచు అలల్లా ముడతపడితే వదులైంది, లేదా కుట్లు ఎక్కువయ్యాయి. ఇస్త్రీతో సరిచేద్దామనుకోకు, ఉతకగానే మళ్ళీ లేస్తుంది. పాతికా ఒకదాని మీద ఒకటి పేర్చి పక్కనుంచి చూస్తే ఏది తప్పో కన్నే చెబుతుంది.

అతుకు చివరి వరస వేస్తూనే వెయ్యాలి. రేకులో మూడో డబుల్ అయ్యాక సూది తీసి, పక్క పువ్వు రేకు నడిమి కుట్టులో దూర్చి, సూది వదిలిన దారపు ఉచ్చును లాగి, మిగిలిన రెండు డబుల్స్ ముగించు. పక్క పువ్వుకు రెండేసి రేకులు అతకాలి. నాలుగు పూల మధ్య మిగిలే ఖాళీలో నాలుగు కొసల చిన్న పువ్వు కూర్చుంటుంది. విడిగా చేసి సూదీదారంతో కుట్టేవాళ్ళున్నారు కానీ, వెనక ముడులు కనబడి పరువు తీస్తాయి. 2024లో మన లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, నిజమే. కొనేవాళ్ళు తిప్పి చూసేది మాత్రం వెనక వైపే.

దారం కొసలు నాలుగంగుళాలు వదిలి కుట్ల కిందే కప్పుకుంటూ పో. చెమట చేత్తో పట్టకు, తెల్ల దారం పసుపెక్కుతుంది. ఉతికాక పలచటి గంజి పెట్టి, తుప్పు పట్టని గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టు.

పాతికా అయ్యాక ఫోటోలు వద్దు, పువ్వులే పోస్టులో పంపు. వెనక వైపు చూడాలి.

మీ పెద్దమ్మ